తన చేతినే దండించుకొనిన గురువు



వీధిబడిలో పంతులుగారి బెత్తమునకు చేయి చాఁచనివారు మనలో నరుదు. నేనును చాఁచినవాఁడనే. కావుననే జపానుదేశపు కఱ్ఱ యొకదాని చరిత్రమును మీకు విన్నవింతును.

అమెరికాలో చదివి వచ్చిన నీజిమా జో యను నాతఁడు 1875లో క్యోటో నగరమున దోషీషా యను ప్రైవేటు పాఠశాలను స్థాపించెను. నాఁడు విద్యార్థులు 8 మంది, ఉపాధ్యాయులు 2.

1880లో అధికారులు రెండు తరగతులను ఒక్కటిగాఁ జేసిరి. తమ్మడుగకయే చేసిరని కోపించి కొందఱు విద్యార్థులు పాఠములకు రాక మానిరి. నియమము ననుసరించి వారు శిక్షార్హులు. ఏప్రిల్ 13వ తేది యుదయమున, ఎల్లరును గూడిన సభలో నీజిమా లేచెను. తప్పు విద్యార్థులది గాదు, ఉపాధ్యాయులది గాదు, అధ్యక్షుఁడనగు నాదే యని పలికి, కుడిచేతి కఱ్ఱతోఁ దన యెడమ యరచేతిని గొట్టుకొనెను. కఱ్ఱ విఱిగినను మానలేదు. విద్యార్థులు కన్నీటితో నడ్డుపడిరి.

నీజిమా 1890లో గతించెను. ఆ చిన్న పాఠశాల 1920లో ప్రభుత్వ శాసనానుసారముగా విశ్వవిద్యాలయమయ్యెను. విఱిగిన కఱ్ఱముక్కలను నేఁటికిని అచ్చట భద్రపఱచి యున్నారు.

నేను తిన్న దెబ్బలు ఏ తప్పునకో నాకు జ్ఞప్తి లేదు. ఆ గురువు తాను తిన్న దెబ్బను మాత్ర మా విద్యాలయము మఱవలేదు. పిల్లల తప్పును విచారింపఁ గూర్చుండునపుడు, పెద్దలారా, ఆ కఱ్ఱ నొకసారి తలఁచుకొనుఁడు.