యంత్రభాషలు – పూర్వవాసనలు



క్రొత్త భాషను నేర్చుటకంటె పాత భాష అలవాటును వదలుట కష్టము. తెలుగు బాలురకు సంస్కృతము చెప్పిన దినములలో నేను దీనిని నిత్యము చూచుచుంటిని. తెలుగున పురుషుని తెలుపు పదము మహత్తు, స్త్రీని తెలుపునది మహతి, తక్కినవి అమహత్తులు, అర్థమెరిగిన లింగమెరిగినట్లే. సంస్కృతమున లింగము శబ్దమును బట్టి యుండును. ఆలిని తెలుపు పదములలోనే 'భార్యా' స్త్రీలింగము, 'కళత్రమ్' నపుంసకలింగము, 'దారాః' పుంలింగము, పైగా నిత్యబహువచనము. నియమమును బాలుడు ఒక్క దినమున వల్లించును. ఆలోచన మాత్రము చిరకాలము తెలుగు దారినే నడచును. దీనినే పూర్వవాసన యందురు. కంప్యూటరు భాషల చరిత్రయందును ఈ వాసనయే కనబడుచున్నది.

కంప్యూటరునకు మనమిచ్చు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. 1950 ప్రాంతమున ఆ ఆజ్ఞలను యంత్రమెరిగిన అంకెలలోనో, వానికి సమీపమైన సంకేతములలోనో వ్రాయవలసి యుండెను. ఏ సంఖ్య ఏ గదిలో నుండవలెనో, పిమ్మట ఏ ఆజ్ఞకు పోవలెనో వ్రాయువాడే చూచుకొనవలెను. ఆ విద్య కొలదిమందికే పట్టుబడెను.

1953 చివర అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బేకస్ అనునాయన వేరొక మార్గమును ప్రతిపాదించెను. గణితసూత్రము వలె వ్రాసినచో, యంత్రమే దానిని తన ఆజ్ఞలుగా మార్చుకొనును. 1957లో ఫోర్ట్రాన్ భాష అట్లు వెలువడెను. చేయి తిరిగినవారు నమ్మలేదు. యంత్రము వ్రాసినది మనుష్యుడు వ్రాసినంత వేగముగా నడవదని వారి వాదము. యంత్రకాలము మిక్కిలి ఖరీదైన ఆ దినములలో అది నిష్కారణమైన శంక కాదు. వారు తమ రహస్యములను కాపాడుకొను పూజారుల వలె నుండిరని బేకస్ తరువాత వ్రాసెను. ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు చేతివ్రాతకు ఇంచుమించు సమానముగా నడచుట చూచిన పిమ్మటగాని పలువురు దానిని అంగీకరింపలేదు.

భాష మారెను గాని నడక మారలేదు. 'ఫలానా వరుసకు పొమ్ము' అను ఆజ్ఞ నిలిచియే యుండెను. తాళపత్ర గ్రంథమున 10వ ఆకు చదువువానిని 40వ ఆకునకు, అచ్చటనుండి 7వ ఆకునకు త్రిప్పినచో అన్వయము కుదురునా? 1968 మార్చిలో హాలెండు దేశీయుడైన డైక్‌స్ట్రా ఈ ఆజ్ఞను ఖండించుచు ఒక లేఖ ప్రకటించెను. వ్రాత ఏ క్రమమున నున్నదో పనియు ఆ క్రమముననే సాగిననే చదువరికి తెలియునని ఆయన తాత్పర్యము. వివాదము రేగెను. కొన్ని తావుల ఆ ఆజ్ఞయు ఉపయోగకరమేయని 1974లో డొనాల్డ్ క్నూత్ నిరూపించెను. పాతదెల్ల దోషము కాదు గదా!

వాసన యెంత సూక్ష్మమో చూడుడు. ఫోర్ట్రానులో పది గదులను 1 మొదలు 10 వరకు లెక్కించిరి. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాషలో ఆ గదులే 0 మొదలు 9 వరకు. పాత అలవాటున పదవ సంఖ్య గల గదిలో నింపబోయినవాడు పదునొకండవ గదిలో, అనగా పొరుగువాని గాదెలో, ధాన్యము పోసినవాడగును. వ్యాకరణదోషము లేదు గనుక యంత్రము సాధారణముగా హెచ్చరింపదు. నష్టము తరువాత బయటపడును.

యంత్రభాషల వ్యాకరణమును సూత్రబద్ధముగా వ్రాయు పద్ధతిని 1959లో చూపినవాడును బేకసే. దానికి పాణిని పేరును చేర్చవలెనని 1967లో ఇంగర్మన్ అనునాయన సూచించెను. వ్యాకరణమునకు సూత్రములున్నవి, వాసనకు లేవు. 1977లో ట్యూరింగ్ పురస్కారమందిన సందర్భమున బేకస్ చేసిన ప్రసంగము ఇందుకు సాక్ష్యము. ఒక్కొక్క గదిని పట్టుకొని ఆలోచించు రీతినుండి మనము విడివడుట యెట్లని ఆయన ప్రశ్నించెను. ఆ రీతికి ఫోర్ట్రానును చేరినదే! తాను వేసిన బాటకు కీర్తినందిన దినముననే ఆ బాట చాలదని చెప్పుటకు ధైర్యము వలయును.

ఫోర్ట్రాన్ నశింపలేదు. వాతావరణ గణనమున నేటికిని వాడుకలో నున్నది. తన తావున అది విద్య. వేరొక భాషలోనికి తెలియక వెంట వచ్చినప్పుడే బంధము. మన యిండ్లలో ఈ చదువు చదువు పిల్లలు రెండవ భాషయొద్ద తడబడినచో, అది మందబుద్ధి యని మనము తొందరపడి నిర్ణయింపరాదు. మొదటి భాష బాగుగా వచ్చినవానికే ఈ చిక్కు హెచ్చు. క్రొత్త భాషలో ఆరితేరినవారు వ్రాసినవి చదివి, చిన్న చిన్న పనులు ఆ భాషలోనే ఆలోచించి వ్రాయుమని చెప్పి, కొంత వ్యవధి నిచ్చుట పెద్దల ధర్మము.