నీడవలె నడచు రెండవ యంత్రము

కంప్యూటరు ఎంత మంచిదైనను ఎన్నడో ఒకనాడు ఆగిపోవును. బ్యాంకి లెక్కలు చూచుచున్న యంత్రము నడుమ ఆగినచో, తోడనే ఆ పనిని అందుకొనుటకు మరియొకటి సిద్ధముగా నుండవలెను. 1976లో టాండెమ్ సంస్థ ఇట్టి ఏర్పాటుగల కంప్యూటర్లను విక్రయింప మొదలిడినది. కాని వానికి యంత్రమును, ఆపరేటింగ్ సిస్టమును ప్రత్యేకముగా నిర్మింపవలసి వచ్చెను. మామూలు యంత్రములతో ఆ పని సాధ్యము కాదా?

1995లో అమెరికాలో థామస్ బ్రెసూడ్, కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రెడ్ ష్నైడర్ ఒక మార్గము చూపిరి. యంత్రమునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ హైపర్‌వైజర్ అను ప్రోగ్రామును నిలిపిరి. దానిపై నడచునది వర్చువల్ యంత్రము. ఒకే స్థితిలో బయలుదేరి ఒకే ఆదేశములను నెరవేర్చు రెండు యంత్రములకు ఒకే ఫలితము రావలెను గదా! తేడా తెచ్చునవి గడియారము, పరికరములనుండి వచ్చు సంకేతములు. ప్రధాన యంత్రము వానిని నమోదుచేసి పంపును. రెండవది సరిగా అదే ఆదేశమువద్ద వానిని స్వీకరించును.

ప్రయోగమునకు తీసికొన్న హ్యూలెట్-పాకార్డ్ యంత్రములలో ఒక చిత్రము బయటపడినది. మెమరీ చిరునామాల చిన్న పట్టికలో ఏ పద్దును తొలగించవలెనో రెండు యంత్రములును ఒకే తీరున నిర్ణయించుట లేదు. తుదకు ఆ పట్టికను హైపర్‌వైజరే చూచుకొనవలసి వచ్చెను.

అసలు చిక్కు డిస్కుపై వ్రాతలో కలదు. రెండవ యంత్రము గూడ "వ్రాయుము" అను ఆదేశమును చేరును. హైపర్‌వైజర్ దానిని డిస్కువరకు పోనీయదు. ప్రధాన యంత్రము వ్రాతను పంపి, పూర్తియైనదను వార్త రాకమునుపే ఆగినదనుకొందము. వ్రాత జరిగినదా, లేదా? రెండవదానికి తెలియదు. అందుచే దానికి "ఫలితము సందిగ్ధము" అను సంకేతమును కల్పించి ఇత్తురు. అంతట డ్రైవరు ఆ వ్రాతను మరల పంపును. ఒకే చోట ఒకే అంకెను రెండుమారులు వ్రాసిన డిస్కునకు నష్టమేమి? నోట్లు లెక్కించి ఇచ్చు యంత్రమువద్ద మాత్రము ఈ ధైర్యము చెల్లదు!

2009లో వి.ఎమ్.వేర్ సంస్థ ఈ పద్ధతినే విక్రయపు సరుకులో ప్రవేశపెట్టినది. అందొక కట్టుబాటు కలదు: నమోదైన వార్త తనకు అందినదని రెండవ యంత్రము తెలుపువరకు ప్రధాన యంత్రము ఏ ఫలితమును వెలుపలికి పంపరాదు. లేనిచో లోకము చూచిన సంగతి, వారసుడైన యంత్రమునకు తెలియకపోవచ్చును.

అనేక ప్రాసెసర్లు ఒకే మెమరీని తాకునపుడు ఆ వరుసను నమోదుచేయుట మిక్కిలి భారము. అందుచే 2015లో ఆ సంస్థయే నమోదు పద్ధతిని విడిచి, యంత్రపు స్థితిని క్షణక్షణము నకలు చేయు మార్గమునకు మరలినది.