దూరపు కొండలు

ఏ సంస్థ వార్షిక నివేదిక తెరిచినా నేను ముందు వెతికేది ప్రతిజ్ఞల కోసం కాదు, పెట్టుబడి వ్యయాల పట్టిక కోసం. ఈ అలవాటును నాకు నేర్పింది బ్రిటిష్ చమురు సంస్థ బీపీ చరిత్ర.

1997లో దాని అధిపతి జాన్ బ్రౌన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాతావరణ ముప్పును బహిరంగంగా అంగీకరించాడు. 2000లో సంస్థ ‘పెట్రోలియంను దాటి’ అన్న నినాదం అందుకుంది. 2011లో సౌరవిద్యుత్తు వ్యాపారాన్నే వదులుకుంది.

2019 మే నెలలో, పెట్టుబడులు పారిస్ ఒప్పందానికి ఎలా పొసగుతాయో వివరించాలన్న తీర్మానానికి 99 శాతం వాటాదారుల ఓట్లు పడ్డాయి. 2020 ఫిబ్రవరిలో కొత్త అధిపతి బెర్నార్డ్ లూనీ 2050 నాటికి ‘నెట్ జీరో’ అన్నాడు. అంటే విడుదలయ్యే కర్బనమూ తొలగించే కర్బనమూ సరిసమానం కావాలి. ఆగస్టులో, 2030కల్లా చమురు, సహజవాయువుల ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామన్నాడు. అదే రోజు డివిడెండు సగమైంది.

2022లో యుద్ధం వచ్చి చమురు ధర ఎగిసింది. 2023 ఫిబ్రవరికి ఆ 40 కాస్తా 25 అయింది. ఆ సెప్టెంబరులో లూనీ వేరే కారణాలతో పదవి వీడాడు. 2025 ఫిబ్రవరిలో, ఎలియట్ అనే నిధి వాటాలు కొన్నదన్న వార్తల నడుమ, సంస్థ చమురు, వాయువులపై ఏటా సుమారు 1000 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించింది. ఏప్రిల్‌లో అధ్యక్షునికి వ్యతిరేకంగా సుమారు 24 శాతం ఓట్లు పడ్డాయి.

తప్పంతా యాజమాన్యానిదే అనలేను. 2050ని కోరిన మదుపరులే ఈ ఏటి లాభాన్నీ కోరారు. నేనూ ఆ కోవలోని వాణ్ణే. దూరపు కొండలు నునుపు. ఎక్కే దారి మాత్రం ఈ ఏటి పద్దులోనే కనబడాలి.