ఒకటిన్నర లీటరు కారు

జనవరి వచ్చిందంటే కొత్త కార్ల ప్రదర్శనల సందడి. ఎవరి బ్యాటరీ ఎన్ని వందల కిలోమీటర్లు లాగుతుందన్నదే ఇప్పుడు అక్కడి పందెం. విద్యుత్ కారు చరిత్రనూ ఇదే లెక్కన చెప్పుకోవడం అలవాటైంది: సరైన బ్యాటరీ లేక నూరేళ్లు మూలన పడింది, లిథియం రాగానే లేచి కూర్చుంది. వినడానికి బాగానే ఉంది గానీ, 1990 జనవరి 3న లాస్ ఏంజెలెస్‌లో జనరల్ మోటార్స్ తెర తీసి చూపించిన నమూనా కారు ఈ కథకు ఒక పట్టాన లొంగదు. దాని పేరు ‘ఇంపాక్ట్’. ఢీకొనడం అని కూడా అర్థమొచ్చే మాటను కారుకు తగిలించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, అందులో ఉన్నది మాత్రం పాత సీసం బ్యాటరీ. మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన కూర్చుని, అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోయించుకునే బరువైన డబ్బా ఉంటుందే, ఆ జాతిదే.

ఆ జాతి పుట్టింది 1859లో. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం రేకుల్ని గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీని తయారుచేశాడు. నలభై ఏళ్లకు, 1899లో, కామిల్ జెనాట్జీ టార్పెడోలాంటి విద్యుత్ బండెక్కి గంటకు 105 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. నేలమీద మోటారు కారు వంద దాటడం అదే మొదలు. 1912లో కాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చి, హ్యాండిల్ తిప్పే బాధ తప్పించి పెట్రోలు కారును గెలిపించింది. ఆ స్టార్టర్‌ను తిప్పిందీ సీసం బ్యాటరీయే. ఇంటి దొంగ అంటే ఇదేనేమో! తర్వాతి డెబ్బై పైచిలుకు ఏళ్లను ఒక్క అంగలో దాటేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇంపాక్ట్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పదేసి వోల్టుల బ్యాటరీలు 32, మొత్తం బరువు 395 కిలోలు. అవన్నీ కలిసి దాచుకోగలిగింది 13.6 యూనిట్ల కరెంటు, అంటే దాదాపు ఒకటిన్నర లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తి. నాలుగు క్వింటాళ్ల మోతకు దక్కేది సీసాడు ఇంధనం! అయినా గంటకు 90 కిలోమీటర్ల నిలకడ వేగంతో 190 కిలోమీటర్లు పోగలదన్నారు. దాన్ని తీర్చిదిద్దింది పాల్ మెక్‌క్రెడీ సంస్థ ఏరోవైరన్‌మెంట్. మనిషి కాళ్లతో పెడలు తొక్కుతూ 1979లో ఇంగ్లిష్ ఛానెల్ దాటిన విమానాన్ని చేసినవాళ్లు, 1987లో ఆస్ట్రేలియాను ఆ కొస నుంచి ఈ కొసకు దాటే సౌరకార్ల పోటీలో గెలిచిన సన్‌రేసర్‌కు పనిచేసినవాళ్లు వీళ్లే. శక్తిని చిల్లర నాణేల్లా లెక్కపెట్టుకుని వాడటం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే కారు నీటిబొట్టులా తోకవైపు సన్నబడింది. గాలి నిరోధక గుణకం 0.19కి దిగింది. టైర్లలో గాలి 65 పీఎస్ఐ, మామూలు కారుకు కొట్టించే దానికి రెట్టింపు. బ్యాటరీ ఇచ్చే డీసీని మోటార్ల కోసం ఏసీగా మార్చే పెట్టెను అలన్ కొకోనీ రూపొందించాడు. బ్రేకు వేస్తే వృథాగా పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీకే చేరేది. సున్నా నుంచి 96 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది సెకన్లు చాలు. ఇక్కడ పాతబడ్డది బ్యాటరీ ఒక్కటే. దాని చుట్టూ ఉన్న పొదుపంతా కొత్తది.

ప్రదర్శనలో చెప్పే లెక్క వేరు, రోడ్డు మీద తేలే లెక్క వేరని అడ్డుపడొచ్చు. నిజమే. ఈ నమూనాలోంచి పుట్టి 1996 డిసెంబరులో లీజుకు వచ్చిన ఈవీ1, సీసం బ్యాటరీతో చాలామందికి 100 నుంచి 150 కిలోమీటర్లే ఇచ్చింది. 1999లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెట్టాకే దూరం పెరిగింది. కానీ ఆ కార్లు పోయింది బ్యాటరీ చచ్చి కాదు. చేసిన 1,100 పైచిలుకు కార్లలో చాలావాటిని, లీజు ముగిశాక వెనక్కి తీసుకుని కంపెనీయే తుక్కు చేసింది. నడిపినవాళ్లు కొంటామని మొత్తుకున్నా అమ్మలేదు. విడిభాగాలు, మరమ్మతుల భారం మోయలేమంది. పొగ వదలని కార్లు కొన్నయినా అమ్మాలన్న తన కాలుష్య నిబంధనను కాలిఫోర్నియా సడలిస్తూ పోవడమూ దానికి కలిసొచ్చింది. ఈ జాబితాలో రసాయన శాస్త్రం వాటా ఎంత?

చివరికి గెలిచింది లిథియమే కదా అంటే, అదీ నిజమే. అయితే అది కారులోకి వచ్చిన దారి చూడాలి. కొకోనీ తర్వాత పెట్టిన ఏసీ ప్రొపల్షన్ సంస్థ 1997లో టీజీరో అనే నమూనా కారు చేసింది. మొదట అందులోనూ సీసమే. 2003లో దాన్ని తీసేసి, ల్యాప్‌టాప్‌లకోసం తయారయ్యే చిన్న లిథియం సెల్స్‌ను 6,800 పేర్చారు. టెస్లా తొలి రోడ్‌స్టర్ ఆలోచనకు మూలం ఆ కారే. లిథియం వచ్చేసరికి మోటారు, ఇన్వర్టర్ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. కొత్త సెల్స్ పాత ఇంట్లో కాపురం పెట్టాయంతే.

ఇటీవలి లెక్కలు మాత్రం ఏ వరసకూ ఒదగవు. బ్యాటరీ చవకయ్యేకొద్దీ పొదుపు అవసరం తగ్గింది; బండ్లు లావెక్కాయి. అదే జనరల్ మోటార్స్ ఇప్పుడు అమ్మే హమ్మర్ విద్యుత్ బండిలో బ్యాటరీ బరువే 1,300 కిలోల పైమాట. ఇంపాక్ట్ మొత్తం బరువు దాదాపు వెయ్యి కిలోలు. మరోపక్క 2022 ఏప్రిల్‌లో మెర్సిడెస్ వారి నమూనా కారు విజన్ ఈక్యూఎక్స్‌ఎక్స్, 0.17 గుణకంతో, సన్నబడిన తోకతో, జర్మనీ నుంచి ఫ్రాన్స్ దక్షిణ తీరం దాకా వెయ్యి కిలోమీటర్లు ఒక్క ఛార్జితో వెళ్లింది. దాన్ని అమ్మకానికి పెట్టలేదు.