ప్రాణహిత నీరు - కోరంగి ప్రాణులు



సిరొంచ రేవులో నిలబడి చూస్తే ఎదుట కాళేశ్వరం కనిపిస్తుంది. అక్కడ ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో ఎర్రగా పొంగే ఆ నీరు చివరకు ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

1860లో నిజాం గోదావరి ఎడమగట్టు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి అప్పగించాడు. అప్పుడు ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు మన సిరొంచే ముఖ్యపట్టణం. మధ్య రాష్ట్రాల పత్తిని ఈ నది మీదుగా పడవల్లో సముద్రానికి చేర్చాలని కాటన్ దొర తలపెట్టాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి దగ్గర రాతిబండలు అడ్డం వచ్చాయి. ఖర్చు పెరిగింది. 1871లో పని ఆపేశారు.

పడవలకు దొరకని ఆ దారి ఒండ్రుకు మాత్రం ఎప్పుడూ ఉన్నదే. ఎగువ నేలల మట్టిని గోదావరి కాకినాడ దగ్గరి కోరంగి దాకా మోసుకుపోయింది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుఫాను దాన్ని దెబ్బతీసింది. పూడిక మిగిలిన పని పూర్తిచేసింది. అయితే ఓడలకు శత్రువైన ఆ ఒండ్రే మడ అడవికి ఆధారం.

తీపి నీరు, ఉప్పు నీరు కలిసే ఆ చోట మడచెట్ల వేళ్ల మధ్య రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. వాటి కోసం కొంగలు, నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లులు వస్తాయి. చలికాలంలో ఉత్తర దేశాల పక్షులు దిగుతాయి. ఎదుటి ఇసుక దీవిలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1978లో ప్రభుత్వం అక్కడ సుమారు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది.

అభయారణ్యానికి హద్దులు గీయవచ్చు. నీటికి గీయగలమా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదే పులస నేటికీ అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఎగువన కట్టిన జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడంతో డెల్టా అంచును సముద్రం కోస్తోంది. మన వాకిట మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. 2023లో దాని స్తంభాలు కొన్ని కుంగాయి.

రైతుకు నీరు కావాలి, కాదనలేం. కాని సముద్రంలో కలిసిన నీరంతా వృథా అన్న మాట మాత్రం సరికాదు. ఆ నీటి మీద ఒక అడవి బతుకుతోంది. తుఫాను వచ్చినప్పుడు ఆ అడవే తీరంలోని పల్లెలకు అడ్డు నిలుస్తుంది. ఈసారి వరద చూడడానికి రేవుకు వెళ్లినప్పుడు, ఆ ఎర్రనీటి కోసం దిగువన ఎదురుచూసే ప్రాణులను ఒకసారి తలచుకోండి.

సెలవు.