కంటకసేలకు సైకిలు దారి

1878వ సంవత్సరమున ఇంగ్లండు ఉత్తర భాగమందలి హారోగేటు పట్టణములో కొందరు సైకిలు సవారీదారులు కూడి యాత్రికుల సంఘమొకటి నెలకొల్పిరి. ఆనాటి సైకిలు నేటి సైకిలు కాదు. ముందు చక్రము మనిషి భుజమంత ఎత్తు, వెనుక చక్రము పళ్ళెమంత. దానిపై నుండి జారినవాడు తలక్రిందులుగానే నేల కరచెడివాడు. పైగా అది మిట్టపల్లముల దేశము. ససెక్సు, సర్రీ, కాట్స్‌వోల్డు సీమలలో దారి పచ్చిక గుట్ట నొకదాని నెక్కి, లోయలోనికి దిగి, సెలయేటి వంతెన దాటి మరల ఇంకొక గుట్ట నెక్కుచుండును. కావున సంఘమువారు తొలిరోజులలోనే నిటారు దిగుడుల నెత్తమున హెచ్చరిక పలకలు పాతించిరి. దారి పొడవున పూటకూళ్ళ యిండ్లవారితో ధరలు మాట్లాడి, రెక్కలు గల చక్రము గుర్తును ఆ యిండ్ల గోడలకు తగిలించిరి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నున్న రోవరు సైకిలును తెచ్చెను. 1888లో డన్లప్ గాలి టైరును తెచ్చెను. దానితో ఈ వినోదము సాహసికుల చేతినుండి గుమాస్తాల చేతికి, స్త్రీల చేతికి వచ్చినది. 1896లో హెచ్.జి. వెల్సు ప్రకటించిన సైకిలు యాత్ర నవలలో నాయకుడు బట్టల దుకాణములోని కొలువుకాడే.

నెమ్మదిగా పోవుచు పాతకట్టడములు చూచుటకు ఇంతకంటె మంచి వాహనము లేదని కొందరు త్వరలోనే గ్రహించిరి. ఫానీ బులక్ వర్క్‌మన్ అను అమెరికా వనితయు, ఆమె భర్తయు మన దేశపు ఆలయములను చూచుచు సైకిళ్ళపై పదునాలుగు వేల మైళ్ళు తిరిగి, 1904లో ఆ యాత్రా గ్రంథమును వెలువరించిరి. తరువాత అరేబియాలో పేరు మోసిన లారెన్సు 1908 వేసవిలో విద్యార్థిగా నుండి ఫ్రాన్సులోని కోటలను సైకిలు మీదనే చూచెను. మనవారును వెనుకబడలేదు. 1923లో బొంబాయినుండి బయలుదేరిన పారశీక యువకులలో ముగ్గురు భూమి చుట్టి 1928లో తిరిగి వచ్చిరి.

ఇక మన కృష్ణా డెల్టా సంగతి. బందరు, గుడివాడ ప్రాంతములలో సైకిలు ఏనాడును విహార సాధనము కాలేదు. అది పనిముట్టు. పాలక్యానులు, బడి పంతులు, తపాలా బంట్రోతు, ధాన్యపు బస్తా, వెనుక క్యారియరుపై ఇల్లాలు, ముందు కడ్డీపై పిల్లవాడు, ఇన్నిటిని మోసినది. పురపాలక సంఘమువారి పన్నుబిళ్ళ లేకపోయినను, రాత్రివేళ దీపము లేకపోయినను పట్టుకొను రోజులుండెను. సీమనుండి వచ్చిన ర్యాలీ, హంబరు బండ్లు కలవారి యిండ్ల వసారాలలో మెరసినవి. 1949లో మదరాసు చెంత అంబత్తూరులో సైకిళ్ళ కర్మాగారము వెలసిన తరువాత, లూధియానా సైకిళ్ళు దిగిన తరువాత, అది సామాన్యుని సొత్తయినది. అట్టి పనిముట్టును ఒక ఆదివారము పనిలేకుండ త్రొక్కుకొని పోవుట మన పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని చరిత్ర చూడగోరువారికి ఈ సీమలో అంతకు మించిన సాధనము మాకు కనబడలేదు. కారణము చెప్పెదము.

బెజవాడ నుండి సముద్రమువరకు నేల మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున మాత్రమే వాలును. ఆంగ్లేయుల హెచ్చరిక పలకకు ఇచ్చట పనియే లేదు. పెడలు త్రొక్కువానికి ఎదురయ్యెడి కొండ ఒక్కటే, అది గాలి. మధ్యాహ్నము తిరిగిన తరువాత సముద్రపుగాలి లేచెనా, చదునైన దారియే గుట్ట యగును. కోడూరు వైపు పోదలచినవారు తెల్లవారుజామున పోయి, ప్రొద్దు వాలునపుడు ఆ గాలినే వీపున పెట్టుకొని మరలుట తెలివి. కాలము విషయములో మాత్రము రాజీ లేదు. కోతలైన తరువాత పుష్య మాఘములే తగిన మాసములు. వానలలో రేగడి మన్ను టైరునకును మడ్‌గార్డునకును నడుమ కూరుకొని చక్రమును కదలనీయదు. అప్పుడు సైకిలు మనలను మోయదు, మనమే దానిని మోయవలెను.

ఇంత చదునైన నేలలో ఎత్తు అనునది రెండు విధములుగానే వచ్చును. ఒకటి ఏరు తెచ్చిపెట్టిన మిట్ట. డెల్టానది వరదలలో ఒండ్రును తన ఒడ్డుననే ఎక్కువగా విడుచును గనుక, ఏటి అంచులు ఎత్తయి, దూరము పోయినకొలది నేల పల్లమగును. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ శ్మానమైన తరువాత, ఆర్థర్ కాటన్ తలపోతను అనుసరించి కెప్టెన్ చార్లెసు ఓర్ 1852–55 నడుమ బెజవాడ వద్ద ఆనకట్ట కట్టెను. ఆ పిమ్మట కాలువలను మిట్టలవెంట, మురుగుకోడులను పల్లములవెంట నడపిరి. మిట్టమీద కాలువ యుండిననే ఇరువైపుల పొలములకు నీరు తనంత తాను దిగును. కాలువగట్టు మీద సైకిలు త్రొక్కువాడు తెలియకయే ఈ సీమ వెన్నెముకమీద పోవుచున్నాడన్నమాట.

రెండవ ఎత్తు మనుష్యుడు చేసినది. అదియే దిబ్బ. ఇంగ్లండులో గుట్ట ప్రకృతి. ఇచ్చట పది అడుగుల మెరక కనబడినచో దానిలో ఇటుకలుండును, పెంకులుండును, ఒకప్పటి సంసారములుండును. మోటారులో పోవువానికి ఆ మెరక తెలియదు. సైకిలు త్రొక్కువాని పిక్కలకు తెలియును. గుడివాడలో దిబ్బ అట్టిది. ఘంటసాల అట్టిది.

బందరుకు పడమరగా సుమారు ఇరువదియొక్క కిలోమీటర్ల దూరమున నున్న ఈ గ్రామమును క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున కూర్చున్న టాలమీ ఎరుగును. మైసోలియా అను తీరసీమలో కంటకోస్సిల యను వర్తకకేంద్రము కలదని అతడు తన భూగోళ గ్రంథమున వ్రాసెను. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక నాగార్జునకొండలో చేసిన దానములను తెలుపు శాసనమునందు, కంటకసేలలోని మహాచైత్యపు తూర్పు ద్వారముకడ ఆమె కట్టించిన రాతి మంటపము ప్రస్తావన వచ్చుచున్నది. పండితులు ఆ కంటకసేల ఈ ఘంటసాలయే యనిరి. ఇచ్చటనే దొరకిన ఒక ప్రాకృత శాసనమునందు శివకుడను మహానావికుని పేరున్నది. నేడు ఉప్పుగాలి యెరుగని వరిచేల నడుమ ఓడనాయకుని పేరు! నది తెచ్చిన ఒండ్రు సముద్రమును ఇరువది కిలోమీటర్లకు పైగా వెనుకకు నెట్టినది. రేవును ముంచిన మన్నే పంటను పండించినది.

1870 ప్రాంతమున బోస్వెల్ అను అధికారి ఈ దిబ్బను లోకమునకు తెలిపెను. 1890 తరువాత అలెగ్జాండర్ రీ త్రవ్వించి, 1894లో తన గ్రంథమున దాని పటమును ప్రకటించెను. ఆ పటము చూచినవారికి మొదట తోచునది చక్రమే. నడుమ ఇటుకల ఘనము, దాని చుట్టు వలయము, వలయమునుండి ఆకులవలె బయలుదేరి వెలుపలి వలయమును చేరు గోడలు, సందులలో మట్టి. మొత్తము ఇటుకలతో నింపినచో ఎంత ఖర్చగునో ఆ శిల్పి లెక్క చూచినాడు. ధర్మచక్రమని తలచి కట్టెనో, పొదుపునకై కట్టెనో. రెండును కూడియుండునని మా అభిప్రాయము. మన సైకిలు చక్రపు పుల్లలు లాగుడుతో అంచును నిలుపును. ఇటుక ఆకులు మాత్రము మోతతో నిలుపును. భేదమంతయు ఇంతే.

ఆ స్తూపమును అలంకరించిన పాలరాతి ఫలకములు కొన్ని సముద్రములు దాటిపోయినవి. సిద్ధార్థునిపై మారుని దండయాత్రను చూపు ఘంటసాల ఫలకము పారిసు నగరమున గీమే ప్రదర్శనశాలలో నున్నది. అది పోయినందుకు కొందరు మిత్రులు కోపింతురు. మాకును బాధయే. కాని పోయినది కనబడుచున్నది. పోకుండ ఇచ్చటనే నశించినదాని మాట యేమి? కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలు మహాస్తూపపు రాళ్ళను, రీ అచ్చటికి రాకముందే, ప్రభుత్వ పనులవారు తవ్వి తీసి వెల్లటూరు వద్ద తూమునకు వాడుకొనిరి. ఏ కాలువలు డెల్టాకు అన్నము పెట్టినవో, ఏ గట్లమీద మనము హాయిగా సైకిలు త్రొక్కుచున్నామో, ఆ పనులలోనే స్తూపము కరగినది. కరువు చూచిన తరమునకు తూము ముఖ్యమని వాదింపవచ్చును. ఆ వాదమును మేము తేలికగా త్రోసివేయలేము. అయినను పొలము చదునుచేయుటకు, ఇల్లు మెరక వేయుటకు ఊరిదిబ్బ మన్ను తవ్వి తోలుకొనువారికి ఆ సాకు కూడ లేదు. బండెడు మన్నుతో ఒక శతాబ్ది పోవును.

ఘంటసాల అనగానే రేడియో శ్రోతలకు గుర్తు వచ్చునది స్తూపము కాదు, ఒక కంఠము. 1922లో గుడివాడ చెంత చౌటపల్లిలో పుట్టిన వెంకటేశ్వరరావుగారికి ఈ ఊరు ఇంటిపేరు మాత్రమే. ఊరిలో చూడవలసినది జలధీశ్వరాలయము. శివపార్వతులు ఒకే పీఠముపై నుందురు. రేవు పోయినను జలధి పేరు దేవునియందు నిలచినది.

ఇచ్చటినుండి కృష్ణ ఒడ్డున శ్రీకాకుళమునకు పోయినచో ఆంధ్రమహావిష్ణువు ఆలయము. ఆముక్తమాల్యదను తెలుగున చెప్పుమని రాయలకు స్వామి కలలో ఆనతిచ్చినది ఇచ్చటనే. ఉత్తరముగా క్షేత్రయ్య మొవ్వ, ఆ ప్రక్కనే కూచిపూడి. వీనినిగూర్చి చాలమంది చెప్పియున్నారు గనుక మేము చెప్పబోము. దక్షిణముగా చల్లపల్లి కోట, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, ఆపైన పులిగడ్డ. అచ్చట కృష్ణ రెండు పాయలై దివిసీమను కౌగిలించుకొనును. కాలువనీరు పాయమీదుగా అక్విడక్టుపై నడచి సీమకు చేరును. క్రింద నది, పైన కాలువ.

అవనిగడ్డ దాటిన పిమ్మట దారి నిర్జనమగును. తాళ్ళు, సరుగుడు తోటలు, చేపల చెరువులు. 1977 నవంబరు 19న సముద్రము ఈ దారులవెంటనే లోనికి వచ్చి, వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. మిట్టమీద నున్నవాడు బ్రతికెను. దిబ్బ విలువ చరిత్రకారునికంటె ఈ సీమవారికే బాగుగా తెలియును.

కోడూరు తరువాత హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాటి సంగమమునకు పోవువారు సైకిలు దిగవలెను. ఇసుకలో చక్రము కూరుకొనును. హ్యాండిలు పట్టుకొని నడిపించుకొని పోవుటే.