మిజోరీ విల్లు, బెజవాడ గురి

విజయవాడలో రైలెక్కితే కాజీపేట, బల్లార్షా, చంద్రపూర్ దాటి నాగపూర్ వెళ్లొచ్చు. ఈ రైలు దారికి ఆ కొసన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, ఈ కొసన నాగపూర్ అబ్బాయి ఓజస్ దేవ్‌తళే. 2023 అక్టోబరు 4న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల విలువిద్యలో ఇద్దరూ జోడీ కట్టి దక్షిణ కొరియాను 159–158తో ఓడించారు. మర్నాడు జ్యోతి సురేఖ, అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌ల మహిళల జట్టు చైనీస్ తైపీని 230–229తో గెలిచింది. రెండు బంగారు పతకాలకూ తేడా ఒక్కో పాయింటే.

వాళ్లు పట్టిన విల్లు రాముడిదీ కాదు, అర్జునుడిదీ కాదు. దాని వయసు అరవై ఏళ్లకు అటూ ఇటూ, అంతే. చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లోని గోండుల వెదురు విల్లు దానికి ఎన్నో తరాల పెద్ద.

అమెరికాలో మిజోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కు విల్లుతో వేటాడటం సరదా. బాణం వదిలిన చప్పుడుకే జింక ఎగిరి తప్పుకుంటోందని ఆయన బాధ. బాణం ఇంకా వేగంగా పోవాలంటే విల్లు ఇంకా బిగువుగా ఉండాలి. అంత బిగువైన విల్లును లాగి పట్టుకుని గురి చూస్తుంటే చెయ్యి వణుకుతుంది. ఈ చిక్కు విప్పడానికి ఆయన మామూలు విల్లు కొసలు రెండూ కోసేసి, వాటికి కప్పీలు బిగించాడు. బావి గిలకకు ఇరుసు సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. అలెన్ కప్పీకి ఇరుసు ఓ పక్కకు జరిగి ఉంటుంది. కిటుకంతా అక్కడే. తాడు లాగుతుంటే మొదట బరువు పెరుగుతుంది, ఒక చోటు దాటగానే ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇప్పటి 50 పౌండ్ల విల్లయినా నిండుగా లాగాక చేతిమీద మిగిలేది పదో పదిహేనో పౌండ్లు. అప్పుడిక నింపాదిగా గురి చూసుకోవచ్చు. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969 డిసెంబరులో వచ్చింది. హక్కులు తీసుకుని ఆ విల్లును మొదట తయారుచేసి అమ్మినవాడు టామ్ జెన్నింగ్స్. అదే కాంపౌండ్ విల్లు.

పాతకాలపు విలుకాళ్లు దాన్ని చూసి మూతి ముడిచారు. విల్లు కాదు, యంత్రం అన్నారు. వాళ్లనీ తప్పు పట్టలేం. కంటికి భూతద్దం, అది పక్కకు ఒరగకుండా చూసుకోవడానికి లోపల నీటిబుడగ, తాడు వదలడానికి వేళ్లకు బదులు రిలీజ్ అనే చిన్న మీట. ఇన్ని హంగులుంటే ఇక మనిషి చేసేదేముంది అనిపిస్తుంది. హంగులు పెరిగేకొద్దీ తప్పుకు చోటు తగ్గుతుందన్నది మైదానంలోకి దిగితేగానీ తెలియదు. పోటీల్లో దూరం 50 మీటర్లు. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లే. అందరూ పదులే కొడుతుంటే తొమ్మిది కొట్టినవాళ్లే ఓడినవాళ్లు.

ఆడవాళ్లు విల్లు పట్టి పోటీలకు దిగడం మాత్రం కాంపౌండ్ కన్నా చాలా పాత కథ. బ్రిటన్‌లో 1787లో మొదలైన రాయల్ బ్రిటిష్ బౌమెన్ సంఘం స్త్రీలను మగవాళ్లతో సమానంగా సభ్యులుగా చేర్చుకుంది. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లోనే మహిళల విలువిద్య ఉంది. కాకపోతే పోటీపడినవాళ్లంతా అమెరికన్లే. 1908లో లండన్‌లో పాతికమంది స్త్రీలు నిలబడితే అందరూ బ్రిటిష్‌వాళ్లే. 53 ఏళ్ల క్వీనీ న్యూవల్ గెలిచింది. ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లతో ఆడుకుని అంతర్జాతీయం అనుకున్నారన్నమాట. దేశాల మధ్య అసలైన పోటీ 1931లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడ్డాకే వచ్చింది. అప్పట్లో పోలెండ్‌లో ఉన్న ల్వోవ్ నగరంలో ఆ ఏడే తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. రెండేళ్లకే మహిళల జట్లకు విడిగా పోటీ పెట్టారు. పోలెండ్‌కు చెందిన యానినా కుర్కోవ్‌స్కా ఏడుసార్లు ప్రపంచ విజేత అయింది. ఆమె పేరు మన పత్రికల్లో కనిపించదు, కనిపించాల్సిన పేరు.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. పాత పద్ధతి పోటీల్లో మగవాళ్లకు 90 మీటర్ల దాకా ఉండేది, ఆడవాళ్లకు 70 మీటర్లతో సరి. ఇప్పుడు ఎవరికైనా ఒకటే: మామూలు ఒలింపిక్ విల్లుకు 70, కాంపౌండ్‌కు 50. ఇంగ్లండ్ పబ్బుల్లో పుట్టి, విలుకాళ్ల బాణాలకు తమ్ముడినని చెప్పుకునే డార్ట్స్ ఆటలోనూ ఇద్దరూ ఒకే గీత దగ్గర, 2.37 మీటర్ల దూరంలో నిలబడి విసురుతారు. దూరం ఒకటైతే మగవాళ్ల స్కోరు పక్కన ఆడవాళ్ల స్కోరు పెట్టి చూడొచ్చు. చూసేవాళ్లకు మర్యాద నేర్పడానికి అంతకుమించిన ఉపాయం లేదు.

దాదాపు మూడు దశాబ్దాలు ఎక్కువగా వేటగాళ్ల చేతుల్లో గడిపిన కాంపౌండ్ విల్లు, బయటి మైదానంలో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి 1995లో జకార్తాలో అడుగుపెట్టింది. ఆసియా క్రీడల్లోకి 2014 దాకా రానేలేదు. ఒలింపిక్స్ తలుపు ఇన్నాళ్లూ మూసే ఉంది. నా లెక్కలో మనకు కలిసొచ్చింది ఈ మూసిన తలుపే. ఒలింపిక్ విల్లులో మహిళల జట్టు పోటీ 1988 సియోల్‌లో మొదలైంది. అప్పటినుంచి 2024 పారిస్ దాకా పదిసార్లూ బంగారం కొరియాదే. కొరియావాళ్ల కష్టంలో ఎక్కువ పాలు ఒలింపిక్ విల్లు మీదే. కాంపౌండ్ పొలం ఖాళీగా ఉంది, ముందుగా దున్నుకున్నవాళ్లకే పంట.

మనవాళ్లు మెల్లగానే దున్నారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల జట్టు కాంస్యం తెచ్చింది. అక్కడే రజతం గెలిచిన పురుషుల జట్టులో విజయవాడ కుర్రాడు చిట్టిబొమ్మ జిజ్ఞాస్ ఉన్నాడు. అప్పటికే బెజవాడలో చెరుకూరి సత్యనారాయణ నడిపే వోల్గా అకాడమీ పిల్లలకు విల్లు పట్టడం నేర్పుతోంది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో త్రిషా దేబ్, పూర్వాషా షెండేలతో కలిసి జ్యోతి సురేఖ కాంస్యం గెలిచింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. నాలుగేళ్ల వయసులోనే కృష్ణ ఈది లిమ్కా రికార్డుల పుస్తకానికెక్కిన పిల్ల ఆమె. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో కొరియా చేతిలో 228–231తో ఓటమి. 2021లో యాంక్‌టన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో కొలంబియా చేతిలో 224–229తో మరో ఓటమి. జట్టులో పక్కన నిలబడే అమ్మాయిలు మారుతున్నారు, ఈమె మాత్రం అలాగే నిలబడి ఉంది.

జట్టు పోటీ ఎలా ఉంటుందంటే, ముగ్గురికీ కలిపి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆరు బాణాలు వెయ్యాలి, మనిషికి రెండు. గీత దగ్గర ఒక్కరే ఉండాలి. మిగతా ఇద్దరూ మీటరు వెనక ఇంకో గీత అవతల. ముందున్నవాళ్లు వెనక్కి వచ్చేదాకా కాలు కదపకూడదు, తొందరపడితే పసుపు కార్డు. పొదిలోంచి బాణం కూడా గీత దగ్గరికి వెళ్లాకే తియ్యాలి. ఇలాంటి నాలుగు విడతలు, మొత్తం 24 బాణాలు, పూర్తి మార్కులు 240. గాలి ఎటు తిరిగిందో, బాణం ఎక్కడ దిగిందో వెనక నుంచి కోచ్ దుర్భిణిలో చూసి చెబుతాడు. ఒకరు ఆలస్యం చేస్తే ఆ సెకన్లు మూడో మనిషి ఖాతాలోంచి పోతాయి. ఒంటరిగా 150కి 150 కొట్టగలిగినవాళ్లు కూడా ఇక్కడ తడబడేది అందుకే.

2023 ఆగస్టు 4న బెర్లిన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జ్యోతి సురేఖ, అదితి, పర్ణీత్ ముగ్గురూ తడబడలేదు. సెమీస్‌లో కొలంబియాను 220–216తో ఓడించి రెండేళ్ల కిందటి బాకీ తీర్చుకున్నారు. ఫైనల్లో మెక్సికోను 235–229తో గెలిచారు. 1931 నుంచి జరుగుతున్న ఆ పోటీల్లో, ఏ విల్లులోనైనా, ఆడవాళ్లలోనైనా మగవాళ్లలోనైనా, భారత్‌కు అదే మొదటి ప్రపంచ టైటిల్. మర్నాడే సాతారా పిల్ల, పదిహేడేళ్ల అదితి సెమీస్‌లో జ్యోతి సురేఖను ఓడించి, ఆపైన వ్యక్తిగత చాంపియన్ అయింది. ఆ రోజే ఓజస్ మగవాళ్లలో 150కి 150 కొట్టి గెలిచాడు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్‌కు మొదటిసారి తలుపు తెరుస్తున్నారు, అదీ ఓరగా. ఒక ఆడ, ఒక మగ కలిసి ఆడే మిక్స్‌డ్ పోటీ ఒక్కటే పెట్టారు. మనకు తొలి ప్రపంచ టైటిల్ తెచ్చిన మహిళల జట్టు పోటీకి అందులో చోటివ్వలేదు.